నూకాలు కాళ్ళు, గవరయ్య పుల్ల

అనగనగా, ఉప్పు తప్ప ఇంకేదీ పండని ఒక ఊళ్ళో, నూకాలు అని ఒక పిల్ల ఉండేది. పడుకున్నావా? కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఊఁ కొడుతూ ఉండు. నీ ఊఁ ఆగిందంటే నా కథా ఆగుతుంది, తెల్లారి లేచి నన్ను అనకూడదు.

ఆ ఊరు సముద్రం పక్కన ఉంది. ఊరి చుట్టూ ఉప్పుమళ్ళు. ఉప్పుమడి అంటే చిన్న పొలంలాంటిదే, కాకపోతే అందులో వరి బదులు ఉప్పు తయారవుతుంది. ముందు నేలని కాళ్ళతో తొక్కి తొక్కి గట్టి చేస్తారు. అప్పుడు సముద్రపు నీళ్ళు పెడతారు. ఆ తర్వాత నీళ్ళన్నీ ఎండ తాగేస్తుంది, ఉప్పు మిగులుతుంది. దాన్ని చెక్కపారతో లాగి కుప్ప పోస్తారు. చెప్పడానికి ఇంతే. చేసేవాళ్ళకి నడుములు విరుగుతాయి.

నూకాలు వాళ్ళ నాన్న పేరు సూరయ్య, అమ్మ పేరు పోలమ్మ. పోలమ్మ తమ్ముడు గవరయ్య, అంటే నూకాలుకి మేనమామ. ఆయన ఇల్లు పక్కనే. మంచివాడు. కాకపోతే తనకి తెలియనిది కూడా లోకంలో ఒకటి ఉంటుందన్న సంగతి పాపం ఆయనకి తెలియదు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. మళ్ళు ఏ ఒక్కరి సొంతమూ కాదు, ఊరందరివీ. అందుకని ఏటా ఉప్పు పని మొదలుపెట్టే ముందు ఇంటికొకరు చొప్పున పరుగు పెడతారు. తూము దగ్గర బయల్దేరి ఉప్పు కొట్టు దాకా పరిగెత్తాలి. ముందు చేరినవాళ్ళు తమకి నచ్చిన మడి ముందు ఎంచుకుంటారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఆ తర్వాత. అందరికంటే ఆఖరున వచ్చినవాళ్ళకి ఏటి పక్క మడి మిగులుతుంది.

ఆ ఏటి పక్క మడి ఎవరికీ వద్దు. ఏరు పొంగిందంటే గట్టు తెగుతుంది. గట్టు తెగితే కుప్ప పోసిన ఉప్పు కూడా కరిగి పోతుంది. నెలల తరబడి చేసిన కష్టం ఒక్క పూటలో నురగ అయిపోతుంది.

సూరయ్య ఒకసారి పడవ మీంచి జారి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నుంచి పరుగులో కుంటుకుంటూ ఆఖరున వస్తున్నాడు, ఏటి పక్క మడే తెచ్చుకుంటున్నాడు. రెండేళ్ళు వరసగా వాళ్ళ ఉప్పు ఏట్లో కలిసింది. రెండోసారి సూరయ్య గట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నూకాలు చూసింది. చూడకూడదనుకుంది గానీ చూసేసింది.

అప్పుడు నూకాలు వాళ్ళ నాన్నతో, "ఈపాలి నాను పరిగెడతానయ్యా" అంది. సూరయ్య ఆమె తల నిమిరాడు. ఇసకలో పరిగెడితే నూకాలుని పట్టుకోగలిగేవాళ్ళు ఆ వీధిలో లేరు.

కానీ ఇసక ఏదీ? ఉప్పు లారీలు తిరగడానికని ఆ ఏడే ఆ దారంతా కంకర పోసేశారు. పలుగు రాళ్ళు, చాకుల్లా ఉన్నాయి. మరి ఉత్త కాళ్ళతో ఎలా పరిగెత్తుతారు? ఊళ్ళో అందరూ పరుగు బూట్లు తెప్పించుకోవడం మొదలుపెట్టారు.

ఇక్కడే అసలు తమాషా. ఆ ఊళ్ళో చెప్పులు కొనడానికి కాళ్ళు వెళ్ళవు. పుల్లలు వెళ్తాయి.

నవ్వకు, నిజమే. పొద్దున్నే గడప మీద కూర్చోబెట్టి, ఎడమ పాదం పక్కన కొబ్బరి ఈనె ఒకటి ఆనించి, మడమ నుంచి బొటనవేలి దాకా చూసి పుటుక్కున విరుస్తారు. ఎవరి పుల్లకి వాళ్ళు రంగు దారం కట్టుకుంటారు. పట్నానికి ఉప్పు తోలుకెళ్ళే గవరయ్య ఆ పుల్లలన్నీ జేబులో పెట్టుకుపోతాడు. దుకాణంలో పుల్ల చెప్పులో పెట్టి చూసి, పట్టిందంటే తెచ్చేస్తాడు. ఎడమ పాదమే ఎందుకంటావా? ఎందుకో ఎవరికీ తెలియదు. వాళ్ళ తాతలు ఎడమ పాదమే కొలిచారు, వీళ్ళూ అదే కొలుస్తున్నారు.

సరే, నూకాలుని కూడా పొద్దున్నే గడప మీద కూర్చోబెట్టారు. పుల్ల విరిచారు. పచ్చదారం కట్టారు. గవరయ్య పట్నం వెళ్ళి బూట్లు తెచ్చాడు. ఎర్రవి, పక్కన తెల్ల చారలు. ఎంత అందంగా ఉన్నాయంటే పోలమ్మ వాటిని ముందు దేవుడి గూటి కింద పెట్టి దణ్ణం పెట్టింది.

గవరయ్య పుల్ల తీసి బూటులో పెట్టి అందరికీ చూపించాడు. "సూడండి, ఇటొక గోరంత లేదు, అటొక గోరంత లేదు" అన్నాడు. నిజమే, అతికినట్టు సరిపోయింది.

అప్పుడు నూకాలు బూట్లు తొడుక్కుని కంకర మీద పరిగెత్తింది. వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. తిరిగొచ్చేటప్పటికి బొటనవేళ్ళు బూటు ముక్కుకి గుద్దుకుని గుద్దుకుని, గోరు నల్లబడిపోయింది. ఇంటికొచ్చి బూటు విప్పి, పుల్ల అందులో పెట్టి చూసింది. పుల్ల హాయిగా పడుకుని ఉంది.

నూకాలుకి ఏమీ అర్థం కాలేదు. పుల్ల తన కాలంతే కదా? బూటు పుల్లంతే కదా? మరి తన కాలికి నొప్పెందుకు?

"కొత్త బూటు కదే, కరుస్తాది. కొబ్బరినూనె రాయి" అంది పోలమ్మ. రాసింది. నూనెతో కరిచింది.

అప్పుడు సూరయ్య ఆలోచించాడు. "ఎదిగే పిల్ల గదా, పుల్ల కొంచెం పొడుగు పెడదాం" అన్నాడు. కొంచెం అంటే కొంచెం కాదు, బాగానే పెట్టాడు. వచ్చే ఏడు కూడా పనికొస్తాయని ఆయన ఆశ. గవరయ్య ఎర్ర బూట్లు వెనక్కిచ్చి, ఆ పొడుగు పుల్లకి సరిపడా నీలం బూట్లు తెచ్చాడు. దుకాణంవాడు సణుక్కున్నాడట గానీ, గవరయ్య దగ్గర ఏళ్ళ తరబడి ఉప్పు కొంటున్నాడు, ఆ మొహమాటానికి మార్చి ఇచ్చాడు.

నీలం బూట్లు నూకాలుకి పడవల్లా ఉన్నాయి. ముందర ఖాళీలో పాత గుడ్డలు కుక్కారు. అప్పుడు నూకాలు పరిగెత్తింది. అడుగు పడితే మడమ పైకి లేస్తోంది, బూటు కిందే ఉండిపోతోంది. సగం దారిలో కుడి బూటు ఊడి, ఎగిరి, వెళ్ళి పక్క మడిలో పడింది. నూకాలు ఒక బూటుతో మోకాలిలోతు బురదలో దిగి ఇంకో బూటు వెతుక్కుంది. అది చూసి వీధిలో పిల్లలు ఎంత నవ్వారో చెప్పలేను. మడమలు రెండూ ఒరుసుకుపోయి బొబ్బలెక్కాయి.

ఇప్పుడు నూకాలుకి ఇంకా అయోమయం. పొట్టివైతే ముందు నొప్పి. పొడుగువైతే వెనక నొప్పి. మరి నొప్పి ఎటు వెళ్ళిపోవాలి?

ఆ తర్వాత గవరయ్యే పూనుకున్నాడు. "మీకు పుల్ల విరవడం రాదు" అని, తనే కూర్చుని, పొట్టి పుల్లకీ పొడుగు పుల్లకీ సరిగ్గా మధ్యన ఒక పుల్ల విరిచాడు. మళ్ళీ పట్నం వెళ్ళాడు. ఈసారి తెల్ల బూట్లు. బొటనవేలి ముందు కాస్త ఖాళీ ఉంది. మడమ లేవడం లేదు. నూకాలు నాలుగడుగులు నడిచింది. మొహం వెలిగింది. గవరయ్య మీసం దువ్వుకున్నాడు.

అప్పుడు నూకాలు పరిగెత్తింది. తూము దాటి కొంచెం దూరం పోకముందే పాదాలు రెండు పక్కలా మండడం మొదలైంది. చిటికెన వేళ్ళు పక్క వేళ్ళ మీదికెక్కేశాయి. ఎవరో ముందు పాదాన్ని గుప్పిట్లో పట్టి పిండుతున్నట్టు ఉంది. కొట్టు దాకా కూడా వెళ్ళలేకపోయింది. కంకర మీద కూలబడి బూట్లు విప్పేసింది.

ఇంటికొచ్చాక గవరయ్య బూటులో పుల్ల పెట్టి చూశాడు. తీసి మళ్ళీ పెట్టాడు. "పుల్ల బాగానే పట్టిందే" అన్నాడు. సూరయ్య చూసి, "బాగానే పట్టింది" అన్నాడు. పోలమ్మ కూడా చూసింది. అందరూ పుల్లనే చూశారు. నూకాలు కాలు వైపు ఎవరూ చూడలేదు.

ఒక్క పోలమ్మ మాత్రం నిట్టూర్చి, "మన కాళ్ళు ఇంతేనమ్మా. మళ్ళు తొక్కి తొక్కి చేటలైపోనాయి. ఇలాటి కాళ్ళకి బూట్లు అచ్చిరావు" అంది. ఆవిడ ప్రేమగానే అంది. కానీ ఆ మాట నూకాలుకి ముల్లులా దిగింది.

ఓహో, బూటు తప్పు కాదన్నమాట, పుల్ల తప్పూ కాదు, తన కాళ్ళే తప్పు అనుకుంది. గుడ్డ పీలికలు తెచ్చి పాదాలు బిగించి కట్టుకుంది, సన్నబడతాయేమోనని. సన్నబడలేదు, తిమ్మిరెక్కాయి. పరుగు దగ్గర పడుతోంది. ఏటి పక్క మడి ఎదురుగా కనిపిస్తోంది. తన కాళ్ళని చూస్తే తనకే సిగ్గేసి, గడప మీద కూర్చున్నప్పుడల్లా లంగా కిందికి లాక్కుని కప్పుకునేది. పాపం.

ఊఁ అను. ఆఁ, మెలకువగానే ఉన్నావు.

ఆ తర్వాత ఒకరోజు నూకాలు తెల్ల బూటు చేత్తో పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక మడి గట్టు మీద నడుస్తోంది. గట్టు తడిగా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే తన అడుగుల గుర్తులు వరసగా ఉన్నాయి. ఊరికే, తోచక, బూటుని ఆ గుర్తు మీద పెట్టింది.

పొడుగు సరిపోయింది. కానీ గుర్తు బూటుకి అటూ ఇటూ బయటికొచ్చి కనిపిస్తోంది. నూకాలు బూటు తీసింది. అందులో ఉండిపోయిన పుల్ల తీసి గుర్తు మధ్యలో పెట్టింది. చాలాసేపు చూసింది. ఇంత వెడల్పు పాదం మధ్యలో అంత సన్నటి పుల్ల. పొడుగెంతో ఈ పుల్ల చెప్తుంది, మరి వెడల్పు సంగతి ఎవరు చెప్తారు?

వెడల్పుకి ఇంకో పుల్ల విరవాలా? పాదం ఎత్తుకి ఇంకోటా? మడమకి ఇంకోటా? ఎన్ని పుల్లలని పంపిస్తాం? నూకాలు తల గిర్రున తిరిగింది. ఇన్ని పుల్లలు పంపేకంటే కాలినే పంపితే పోదా అనుకుంది. అలా అనుకుని తనే ఉలిక్కిపడింది, ఎందుకంటే ఆ ఊళ్ళో అలా ఎవరూ అనుకోలేదు.

పరిగెత్తుకుంటూ ఇంటికెళ్ళి, "మావా, ఈపాలి పుల్ల వద్దు. నానే వత్తాను" అంది.

గవరయ్యకి అర్థం కాలేదు. "నువ్వొచ్చి ఏటి సేస్తావు? పుల్ల నేను పెట్టి సూస్తాను గదా" అన్నాడు.

"పుల్ల పరిగెట్టదు మావా. నాను పరిగెడతాను" అంది నూకాలు.

గవరయ్య సూరయ్య వైపు చూశాడు. సూరయ్య తన మోకాలి వైపు చూసుకున్నాడు. "తీసుకెళ్ళు గవరయ్యా" అన్నాడు చివరికి.

అప్పుడు మావా కోడలూ ఉప్పు లారీ ఎక్కి పట్నం వెళ్ళారు. ముందు ఉప్పు దింపాలి కదా, అది దిగేసరికి పొద్దు వాలింది. పొద్దుట్నుంచీ నిలబడి నిలబడి నూకాలు కాళ్ళు బరువెక్కిపోయాయి. ఆ తర్వాత బూట్ల దుకాణానికి వెళ్ళారు.

దుకాణంవాడు గవరయ్యని చూడగానే నీరసపడి, "పుల్ల ఇలా ఇవ్వు" అని చెయ్యి చాపాడు.

"పుల్ల లేదండి. కాళ్ళు తెచ్చాను" అంది నూకాలు.

దుకాణంవాడు కళ్ళజోడు కిందికి దించుకుని చూశాడు. "ఇన్నేళ్ళయింది, మీ ఊరి పుల్లలు చూడ్డమే గానీ కాళ్ళు చూడ్డం ఇదే మొదలు" అన్నాడు. పీట వేశాడు.

నూకాలు పీట మీద కూర్చుని ఒక జత తొడుక్కుంది. బాగుంది. లేచి నిలబడింది, బిగుసుకుపోయింది. కూర్చుంది, వదులైంది. లేచింది, బిగుసుకుంది. కూర్చుంటే ఒక కాలు, నిలబడితే ఇంకో కాలూనా? మరి ఇంటి దగ్గర పొద్దున్నే, గడప మీద కూర్చోబెట్టి కదా పుల్ల విరిచింది. నిలబడితే పాదం పరుచుకుంటుంది. పొద్దువాలితే పొంగుతుంది. పరిగెడితే రెండూనూ. ఈ సంగతి పుల్లకేం తెలుసు?

అప్పుడు ఇంకో జత తొడుక్కుని నిలబడింది. ఎడమది చక్కగా ఉంది, కుడిది నొక్కుతోంది. బూట్లు తేడాగా కుట్టారేమో అనుకుంది. దుకాణంవాడు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు, సమానంగానే ఉన్నాయి. అప్పుడు నూకాలు తన పాదాలు పక్కపక్కన పెట్టుకుంది. కుడి పాదం కాస్త పెద్దది. పుట్టినప్పట్నుంచీ తనతోనే ఉన్నాయి, ఆ సంగతే తెలియదు.

గవరయ్యకి చెమట పట్టింది. "ఇదేటి, ఒకే మనిషికి రెండు పుల్లలా?" అన్నాడు. ఆయన కూడా అయోమయంలో పడిపోయాడు.

దుకాణంవాడు డబ్బాల మీద డబ్బాలు దించాడు. ఆడపిల్లలవన్నీ ముందర సన్నగా కోసుగా ఉన్నాయి. చివరికి నూకాలే లేచి, పై అరలో మూలనున్న ఒక జత చూపించింది. మట్టి రంగు బూట్లు. ముందర వెడల్పుగా, మొద్దుగా ఉన్నాయి.

"అవి మగపిల్లలవే" అన్నాడు గవరయ్య.

"కాళ్ళకి తెలీదు కదా మావా" అంది నూకాలు.

తొడుక్కుంది. పెద్దదైన కుడి కాలికి చూసుకుంది. నిలబడింది. లోపల వేళ్ళు ఆడించింది, ఆడుతున్నాయి. బొటనవేలి ముందు వేలంత చోటుంది. ఇరుపక్కలా నొక్కడం లేదు. "వీధిలో పరిగెత్తి రావచ్చా?" అని అడిగింది. దుకాణంవాడు సరేనన్నాడు. సందు చివరిదాకా వెళ్ళి వచ్చింది. మడమ లేవలేదు. ఎక్కడ నొప్పి వస్తుందా అని వెతుక్కుంటూ పరిగెత్తింది గానీ, ఎక్కడా దొరకలేదు. సంతోషం పట్టలేక ఇంకోసారి పరిగెత్తింది.

ఆ తర్వాత తిరిగొస్తుంటే గవరయ్య కొంచెం కుంటుతున్నాడు. ఆయనింటి తరఫున పరిగెత్తేది ఆయనే మరి, పుల్లతో తెచ్చుకున్న కొత్త బూట్లు వేసుకునే పట్నం వచ్చాడు. "మావా, నువ్వు కూడా కాలెట్టి సూసుకోవాల్సింది" అంది నూకాలు. "నాకెందుకే? నా పుల్ల నాకుంది" అన్నాడాయన.

ఇక పరుగు రోజు వచ్చింది. తూము దగ్గర ఇంటికొకరు నిలబడ్డారు. కాళ్ళకి ఎర్రవి, నీలంవి, తెల్లవి, తళతళలాడుతున్నాయి. నూకాలు కాళ్ళకి మాత్రం మట్టి రంగువి. కొందరు చూసి మూతి తిప్పారు. అప్పుడు డప్పు మోగింది.

కొంత దూరం అందరూ బాగానే పరిగెత్తారు. ఆ తర్వాత ఒకరు మడమ పట్టుకున్నారు. ఇంకొకరు బూటు విప్పి చేత్తో పట్టుకుని కంకర మీద గెంతారు. ఇంకొకరి బూటు ఎగిరి మడిలో పడింది. నూకాలుకి ఇవేమీ కనిపించలేదు. అసలు కాళ్ళకి బూట్లున్నాయన్న సంగతే మర్చిపోయింది. కళ్ళ ముందు కొట్టు ఒక్కటే ఉంది, వాళ్ళ నాన్న ఒక్కడే ఉన్నాడు.

ముందొచ్చింది నూకాలేనా అంటావా? కాదు. పైవీధి రాములమ్మ వచ్చింది. ఆవిడ ఏటా ముందే వస్తుంది, ఆవిడ కాళ్ళకి ఏ బూటైనా ఒకటే, ఆవిడ సంగతి వదిలెయ్. ఆవిడ వెనక నూకాలు వచ్చింది. వచ్చి ఎత్తు మీద ఉన్న మంచి మడి కోరుకుంది. సూరయ్య కుంటుకుంటూ ఎదురొచ్చాడు. కూతురి తల మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు.

మరి ఆఖరున వచ్చింది ఎవరు? గవరయ్య. బూట్లు రెండూ చంకలో పెట్టుకుని, మునివేళ్ళ మీద నడుస్తూ వచ్చాడు. ఏటి పక్క మడి ఆయనకే మిగిలింది. ఎవరిమీదా కోపం తెచ్చుకోలేదు. బూట్లు చంకలో పెట్టుకునే ఇంటి దారి పట్టాడు. నూకాలుకి తన గెలుపు సగం చేదైపోయింది.

ఆ తర్వాత ఎండలు ముదిరాయి. అన్ని మళ్ళలో ఉప్పు కుప్పలు లేచాయి. గవరయ్య మడిలో కూడా లేచింది. అప్పుడు ఒకనాటి మధ్యాహ్నం వేళ కాని వేళ వాన పట్టుకుంది. ఏరు పొంగింది. గవరయ్య తాటాకులు కప్పిన తన ఉప్పు కుప్ప పక్కన తల పట్టుకుని నిలబడ్డాడు. గట్టు ఎక్కడ తెగుతుందో, ఎక్కడ మట్టి వెయ్యాలో ఆయనకి తెలియదు.

అప్పుడు వానలో కుంటుకుంటూ సూరయ్య వచ్చాడు. తట్ట పట్టుకుని పోలమ్మ వచ్చింది. నూకాలు మట్టి రంగు బూట్లు ఇంట్లో విప్పి పెట్టి, ఉత్త కాళ్ళతో వచ్చింది. ఆ ఏరు ఎక్కడ కొరుకుతుందో ఆ ఊళ్ళో సూరయ్యకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, రెండేళ్ళు ఏడ్చి నేర్చుకున్నాడు. "ఇక్కడెయ్యండి" అని కర్రతో చూపించాడు. పోలమ్మ, గవరయ్య మట్టి పోశారు. నూకాలు గట్టెక్కి ఆ మట్టిని తొక్కింది. వెడల్పు పాదాలు కదా, ఒక్కో తొక్కుకి అంత మేర గట్టిపడేది. తొక్కింది, తొక్కింది, వాన వెలిసేదాకా తొక్కింది. గట్టు తెగలేదు. ఉప్పు నిలిచింది.

గవరయ్య గట్టు మీద చతికిలబడి, బురదలో ఉన్న మేనకోడలి పాదాల వైపు చాలాసేపు చూశాడు. నూకాలు ఈసారి లంగా కిందికి లాక్కోలేదు.

అప్పుడు గవరయ్య గొంతు సవరించుకుని, "ఒసే గుంటా, వచ్చే ఏడు పట్నానికి నా కాళ్ళు కూడా తీసుకెళ్ళవే" అన్నాడు.

కథేమో నడిచెళ్ళింది కంచికి,
కాళ్ళేమో చేరాయి మంచానికి,
బూట్లేమో పోయాయి మూలకి,
నిద్రేమో వచ్చింది చిట్టికి.